టైర్ల ఇర్యా మూడో ముహూర్తం

మా హౌకినియెమిలో మొదటి మంచు పడ్డ రోజున మనిషన్నవాడు చావకూడదు. శవపెట్టె మొయ్యడానికి నలుగురు దొరకరు. నొప్పులు రాకూడదు, పన్ను సలపకూడదు, పెళ్ళి అయితే అసలే పెట్టుకోకూడదు. ఆ రోజు ఊరంతా ఒక్కచోటే ఉంటుంది. టైర్ల ఇర్యా షాపు ముందు బండ్లు వరసగా నిలబెట్టి, ఇంజన్లు ఆపకుండా, ముందువాణ్ణి వెనకవాడు తిడుతూ.

అలాగని మంచు చెప్పాపెట్టకుండా వస్తుందా అంటే, పాపం, దాని తప్పేమీ లేదు. నెల ముందునుంచే కబుర్లు పంపుతుంది. ముందు బంగాళాదుంపల ఆకు నల్లబడుతుంది. తర్వాత ఒక పొద్దున బావి దగ్గరి బకెట్లో నీళ్ళు పైన పలచగా గడ్డకట్టి ఉంటాయి, వేలు పెడితే పుటుక్కుమంటాయి. హంసలు సరస్సు మీద సభలు పెట్టి, అరిచి అరిచి, ఒకనాడు లేచిపోతాయి. సూర్యుడు ఆలస్యంగా డ్యూటీకి వచ్చి పెందలాడే ఇంటికి పోవడం మొదలెడతాడు. ఇన్ని చూసి కూడా మావాళ్ళు ఎండాకాలం టైర్లతోనే నిమ్మకు నీరెత్తినట్టు తిరుగుతుంటారు.

ఎందుకంటారా? చలికాలం టైర్లకి మంచు మీద జారకుండా ఇనప మేకులుంటాయి. వాటిని ఉత్త తారురోడ్డు మీద నడిపితే మేకులు అరుగుతాయి. మా సావో ప్రాంతం వాడు మోకాళ్ళు అరిగితే ఓర్చుకుంటాడు గానీ మేకు అరిగితే నిద్రపోడు. దానికితోడు పరువొకటి ఏడిసింది. మంచు పడకముందే టైర్లు మార్పించుకున్నవాణ్ణి "పట్నం బాబు" అంటారు. మా ఊళ్ళో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

నా పేరు సెల్మ. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క కిరాణా కొట్లో కాఫీ బల్ల నాది. ఇర్యా, నేనూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. అంటే కూర్చున్నాం, అంతే. దాని సంగతి నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మనండి, చూస్తాను.

ఇర్యా తండ్రిది సైకిళ్ళకి పంక్చర్లేసే కొట్టు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, కార్లు వచ్చాయి, ఆయన నడుం పోయింది. అన్నలు "గ్రీజు వాసన మాకొద్దు" అని కాగితం మిల్లులో చేరిపోయారు. మిల్లు వాసన ఏదో పన్నీరైనట్టు! చివరికి ఆ రెంచీ ఇర్యా చేతికొచ్చింది. అప్పటికి దానికి పాతికేళ్ళు కూడా లేవు. అడవిలో కలప కొట్టించే కంట్రాక్టరు ఒకాయన వచ్చి, "ఆడది బిగించిన చక్రం మీద నేను కూర్చోను" అని, మీసం మెలేసి, తన చక్రం తనే బిగించుకుని పోయాడు. చర్చి వాలు దిగుతుంటే ఆ చక్రం ఊడి, ఆయన్ని దాటి, ఆయన కళ్ళముందే దొర్లుకుంటూ పోయి సరస్సులో పడింది. మర్నాడు టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఇర్యా ఒక్క మాట అనలేదు. బిగించింది, పంపింది. ఆయన విడిచిన టైర్లని గోదాములో పెట్టేటప్పుడు మాత్రం వాటి మీద సుద్దముక్కతో "ఈతగాడు" అని రాసింది.

అప్పట్నుంచీ అదే అలవాటు. ఊరందరి టైర్లూ దాని గోదాములోనే ఉంటాయి. ఎండాకాలం మేకులవి, చలికాలం మామూలువి. దేని మీదా అసలు పేరుండదు. "పిసినారి" ఉంటుంది, "అత్తగారు" ఉంటుంది. మా ఆయన టైర్ల మీద "గురక" అని రాసింది. "నీకెలా తెలుసే?" అని మీదికెళ్ళాను. "చర్చిలో ప్రతి ఆదివారం వింటున్నాగా" అంది.

ఇంత నోరున్న మనిషికి ఒక్క మాట మాత్రం తిరగదు. "కుదరదు" అన్న మాట. "ఇర్యక్కా, ఇది ఒక్కటి" అని ఎవడైనా తల గోక్కుంటే చాలు, ఒంగి జాకీ పెట్టేస్తుంది. ఆ ఒక్కటి వెనక ఇంకొకటి ఉంటుందని దానికి తెలుసు. అయినా ఒంగుతుంది. నేను వెయ్యిసార్లు తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఇక ఔలిస్ సంగతి. సరస్సుకి ఈ గట్టునుంచి ఆ గట్టుకి కార్లని దాటించే పంటు ఉంది కదా, ఇనప తాడు పట్టుకుని పోయేది, దాన్ని నడిపేవాడు. ఇల్లు అవతలి గట్టున. మనిషి కొండంత, మాట గోరంత. ప్రతి ఏడూ మొదటి మంచు రోజున క్యూలో అందరికన్నా చివర నిలబడేవాడు. ముందు చోటు దొరికినా వెనక్కి పోయేవాడు. నేను అడిగితే, "వెనకాల ఎవరూ లేకపోతే ఆవిడ తీరిగ్గా బిగిస్తుంది" అన్నాడు. బిగించేది చక్రాలు నాలుగే. వాళ్ళిద్దరికీ పొద్దు గూకేది. నాలుగు చక్రాలకి అంతసేపేమిటని ఊరు నవ్వింది. ఏళ్ళు గడిచి ఇద్దరి జుట్టూ నెరిసింది, అప్పటికి గానీ పెళ్ళి మాట బయటకు రాలేదు.

ఎండాకాలమంతా విడిది ఇళ్ళకొచ్చే పట్నం జనాన్ని దాటించడంతో ఔలిస్‌కి ఊపిరాడదు. సెలవు దొరికేది అక్టోబరు చివర్లోనే. అదిగో, అక్కడ వచ్చింది చిక్కు. మొదటిసారి ముహూర్తం పెట్టుకున్న రోజు పొద్దున్నే మంచు పడింది. "ఈ బండి ఒక్కటి చూసి వచ్చేస్తానే సెల్మా" అంది. వచ్చేసరికి పాస్టరు వెళ్ళిపోయాడు, చర్చి దీపాలు ఆర్పేశారు, ఔలిస్ ఒక్కడే మెట్ల మీద ఉన్నాడు. మరుసటేడు మళ్ళీ అదే తంతు. ఈసారి షాపు కట్టేసి చర్చి గేటుదాకా వచ్చింది పాపం. మంత్రసాని బండి ఎదురైంది, "ఇర్యక్కా, అవతల కాన్పు ఉంది" అంది. కాన్పుకి పోయేవాళ్ళని ఆపలేం, నిజమే. కానీ మంత్రసాని వెనకాలే ఊరంతా లైను కట్టింది కదా, వాళ్ళందరికీ కూడా కాన్పులేనా?

ఔలిస్ అరవలేదు. అరిచినా బాగుండేది. మూడో ఏడు సెలవు దొరికినప్పుడు వచ్చి, షాపులో స్టూలు మీద కూర్చుని, "మళ్ళీ అడుగుతున్నా. పై శనివారం పెట్టుకుందాం. ఈసారి కూడా నువ్వు టైర్ల దగ్గరే ఉండిపోతే నేను దక్షిణాదికి బదిలీ పెట్టుకుంటా. సముద్రం మీద పంట్లున్నాయి. అక్కడ మంచు తక్కువట" అన్నాడు. అదీ వరస. చెప్పి, కాఫీ తాగి, కప్పు కడిగిపెట్టి మరీ వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఇర్యా నా దగ్గరికొచ్చి కూలబడింది. "వెళ్ళిపోతాడే సెల్మా. ఆ మనిషి చెప్పాడంటే చేస్తాడు" అంది. ఏడవలేదు గానీ ముక్కు ఎర్రబడింది.

"షాపు మూసెయ్" అన్నాను.

"మూస్తే ఇంటికొస్తారు. ఇంట్లో లేకపోతే చర్చికొస్తారు. జాకీ వాళ్ళే పట్టుకొస్తారు."

"కుదరదని చెప్పు."

అది నన్ను చూసిన చూపు, ఈత రానివాణ్ణి నీళ్ళలోకి దూకమన్నట్టుంది. సరే, రోగిని మార్చలేకపోతే మందు మార్చాలి. పెళ్ళిలోగానే ఊరందరికీ టైర్లు మార్పించెయ్యాలి, అప్పుడు మంచు పడనీ, పిడుగు పడనీ, క్యూ ఉండదు. అనుకోవడం తేలికే. మావాళ్ళని కదిలించాలి కదా!

ముందు ఇర్యా షాపు మీద "టైర్లు ఈ వారమే మార్పించుకోండి" అని మర్యాదగా బోర్డు పెట్టింది. ఒక్కడు రాలేదు. కొట్టుకొచ్చినవాళ్ళని నేను కదిపి చూశాను. "రోవన్ చెట్టు చూశావా సెల్మా, కొమ్మ కొమ్మకీ పళ్ళే. ఆ చెట్టు రెండు బరువులు మోయదు. పళ్ళున్న ఏడు మంచుండదు" అని నాకే పాఠం చెప్పారు.

తర్వాత ఎల్యాస్ బాబాయ్‌ని పట్టుకున్నాం. ఆయన ఏటా శరత్కాలంలో ఒక పైక్ చేపని పట్టి, దాని కార్జం కోసి చూసి, చలికాలం జాతకం చెబుతాడు. కార్జం తల వైపు మందంగా ఉంటే చలి ముందే ముదురుతుందని లెక్క. నా దాల్చినచెక్క రొట్టెలు ఒక పళ్ళెం నిండా మింగి, మా కాఫీ బల్ల మీద చేపని కోసి, "అబ్బో! తల దగ్గర ఎంత మందమో చూశారా! మంచు తలుపు దగ్గరే ఉందిరా నాయనా!" అని అందరికీ వినబడేట్టు కేక పెట్టాడు. అసలే దొంగ ముసలాడు, నటన ఇంకా బాగా వచ్చు. జనం ఏం చేశారో తెలుసా? ఇళ్ళకి పోయి పడుకున్నారు. కిందటేడు ఆయన చలి తక్కువంటే మంచు బరువుకి రెండు పశువుల కొట్టాలు కూలాయి. ఆయన ఎటంటే అటు కాదని ఊరికి గట్టి నమ్మకం. మేం పిలిచి మరీ నష్టం తెచ్చుకున్నాం.

"ఇక మిగిలింది ఒక్కటేనే" అంది ఇర్యా. కళ్ళలో చిన్నప్పటి దొంగ వెలుగు చూశాను. టీచరు కుర్చీలో స్ప్రూస్ చెట్టు జిగురు పూసిన రోజున చూసిన వెలుగు అది.

మేకుల టైర్లు ఉత్త తారురోడ్డు మీద పోతే ఒక చప్పుడొస్తుంది. మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది. నిద్రలో ఉన్నా మావాడు ఆ చప్పుడుకి లేచి కూర్చుంటాడు. ఆ చప్పుడు వినిపిస్తే, ఎవడో మార్పించేసుకున్నాడని అర్థం. ఎవడో ముందు మార్పించుకున్నాడంటే క్యూ మొదలైందని అర్థం. మావాళ్ళకి మేకులరగడం ఇష్టముండదు, నిజమే. కానీ క్యూలో తమ ముందు ఇంకొకడు ఉండటం అంతకన్నా ఇష్టముండదు.

మర్నాడు తెల్లవారుజామున ఇర్యా తన వ్యానుకి, నా పాత డొక్కు కారుకి మేకులు వేసింది. నన్ను సరస్సు రోడ్డున పంపి తను చర్చి రోడ్డున బయల్దేరింది. జనం కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టే వేళ, ఇంకా చీకటిగా ఉంది, గడ్డి మీద గడ్డకట్టిన తేమ తెల్లగా మెరుస్తోంది. చిటపటా చిటపటా ప్రతి కిటికీ కిందనుంచీ పోయాం. ఒక చుట్టు తిరిగి రోడ్లు మార్చుకున్నాం. నా కారు సైలెన్సరు మోత, దాని వ్యాను దగ్గు, వేరువేరు బండ్లనుకోవడానికి సరిగ్గా సరిపోయాయి. ఇంటింటికీ కిటికీ తెరలు పక్కకి జరుగుతున్నాయి. నాకు నవ్వాగక స్టీరింగు మీద పడిపోతున్నాను.

పొద్దెక్కాక కొట్టుకి మొదట వచ్చింది ఆ కలప కంట్రాక్టరే. ఇప్పుడు ముసలివాడైపోయాడు. రొట్టె కొనడానికొచ్చినట్టు రొట్టెలన్నీ నొక్కి చూశాడు.

"పొద్దున్నే ఎవరివో బండ్లు పోతున్నట్టున్నాయి, సెల్మా?"

"నేను పిండి పిసుకుతున్నా బాబాయ్, నాకేం తెలుస్తుంది?"

"చాలా పోయాయి."

"ఇర్యా దగ్గర రద్దీ ఎలా ఉందో మరి," అన్నాను పిండి దులుపుకుంటూ.

చూడండి, నేను అబద్ధమాడలేదు. రద్దీ ఉందని అనలేదు, ఎలా ఉందో అన్నాను. సావోవాడు మాట్లాడితే బాధ్యత విన్నవాడిదని మా ప్రాంతంలో ఊరికే అనరు. ఆయన రొట్టె బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఇర్యా అప్పటికే గోదాములోని టైర్లన్నీ దొర్లించి షాపు ముందు గుట్టలు పోసి, ఊపిరాడనంత పనిలో ఉన్నట్టు చెమట తుడుచుకుంటూ నిలబడింది. ఇంకేం! ఒకడు "ఇటుగా పోతూ" వచ్చాడు. ఇంకొకడు "గాలి చూపించుకుందామని" వచ్చాడు. ఒక్కడూ మేకుల మాటెత్తడు. అందరూ బానెట్టు మీద చెయ్యి వేసి ఆకాశాన్ని చూస్తారు. చివరికి ఎవడో, "ఎలాగూ వచ్చాను కదా, వేసేయ్" అంటాడు. మధ్యాహ్నానికి వరస చర్చి మలుపు దాకా పోయింది. ఆకాశం నీలంగా మెరిసిపోతోంది, ఒక్క మబ్బు తునక లేదు. "మీరంతా పట్నం బాబులయ్యార్రా!" అని ఎల్యాస్ బాబాయ్ వెక్కిరించాడు. ఆయన నిలబడింది కూడా ఆ వరసలోనే.

శుక్రవారం చీకటి పడేసరికి గోదాము ఖాళీ. మంత్రసాని, పాలవాడు, స్కూలు బస్సు, అన్నీ అయిపోయాయి. ఆ సాయంత్రం ఇర్యా గోళ్ళలోని నలుపు పోవడానికి పంచదార, నూనె కలిపి నేనే తోమాను. చర్మం ఊడి వచ్చింది గానీ నలుపు పోలేదు. "వదిలెయ్యవే, ఆయనకి తెలిసిన చేతులేగా" అంది.

శనివారం తెల్లారింది. తలుపు తీసేసరికి ముక్కులో ఆ వాసన కొట్టింది. ఇనుముని నాకినట్టుండే చలివాసన. చూస్తుండగానే పొడిపొడిగా, బద్ధకంగా, రవ్వ జల్లినట్టు మొదలైంది. గాలికి అటూ ఇటూ తిరిగి, కింద పడాలా వద్దా అని ఆలోచించి పడుతున్నాయి మంచు పలుకులు. నేను పరుగున ఇర్యా షాపుకి పోయాను. పెళ్ళి గౌను మీద తండ్రి పాత ఉన్నికోటు వేసుకుని షాపు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒక్కడూ రాలేదే సెల్మా" అంది.

"రాకూడదనేగా ఇంత చేశాం! ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"రెండూనే" అని తాళం వేసింది. నలభై ఏళ్ళలో మొదటి మంచునాడు ఆ తలుపుకి తాళం పడటం ఎవరూ చూసి ఉండరు. నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

రెండింటికి పెళ్ళి. ఊరంతా చిటపటలాడుతూ టైముకి దిగింది. ప్రతివాడి మొహంలోనూ గర్వమే. "నేను ముందే అనుకున్నా, పడుతుందని" అంటే "నేనూ అనుకున్నా" అని ఒకరి భుజం ఒకరు చరుచుకుంటున్నారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఆ పొద్దున్నే పట్నం నుంచి దిగి, గౌను సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. అందరూ ఉన్నారు. పెళ్ళికొడుకు లేడు.

రెండున్నర అయింది. చర్చి ఆఫీసునుంచి ఔలిస్ ఇంటికి ఫోను చేశాం. మోగింది, మోగింది, ఎత్తేవాడు లేడు. ఇర్యాని లోపల కూర్చోమంటే కూర్చోలేదు. మెట్ల మీదే నిలబడింది. జుట్టు మీద మంచు పడుతోంది, దులుపుకోదు.

"వాడు రెండుసార్లు నిలబడ్డాడమ్మా. నువ్వు ఒక్కసారి నిలబడితే కాళ్ళేం పడిపోవులే" అన్నాడు ఎల్యాస్ బాబాయ్. ఆ ముసలాడి నోట్లో రొట్టె కుక్కుదామనిపించింది. కానీ ఇర్యా తలూపింది.

"నిజమే బాబాయ్. ఇంత చలిగా ఉంటుందని నాకు తెలీదు" అంది.

మూడైంది. అప్పుడు మెట్లు దిగి, వ్యాను ఎక్కి, "ఎవరొస్తారో రండి. నేను అవతలి గట్టుకి పోతున్నా" అంది. ఎవరు రారు చెప్పండి? ఇలాంటిది వదులుకుంటే మళ్ళీ జన్మలో చూడగలమా? ఔలిస్‌కి బదులొచ్చిన కుర్రాడే పంటు నడుపుతున్నాడు. పంటు పట్టినన్ని బండ్లు ఎక్కాయి, పట్టనివాళ్ళు బండ్లు వదిలేసి మనుషులుగా ఎక్కారు. పాస్టరుకి సాయంత్రం అవతలి గట్టునే ఒక పాపాయి బాప్తిస్మం ఉందట, ఆయనా తన కారుతో బయల్దేరాడు. రేవు వాలు దిగేటప్పుడు ఆ కారు పక్కకి జారి, ఒక చుట్టు తిరిగి, వెనక్కి మొహం పెట్టి పంటు ఎక్కింది. పట్నంవాడు, ఎండాకాలం టైర్లు. ఇర్యా తల తిప్పి ఆ టైర్లని చూసింది. ఆ చూపు నాకు తెలుసు. దాని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఔలిస్ పెరట్లోకి చేరేసరికి మొదట కనిపించింది వరండాలో ఒక పెట్టె. తాళ్ళతో కట్టిన పెద్ద ప్రయాణం పెట్టె. ఇర్యా దాన్ని చూసి ఆగిపోయింది. ఒడ్డున ఆవిరిస్నానం చేసే సౌనా గది పొగగొట్టం నుంచి పొగ తాపీగా లేస్తోంది. ఏమని పిలవాలో తెలియక అందరం పొగగొట్టాన్నే చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు సౌనా తలుపు తెరుచుకుంది. ఆవిరి మబ్బు, అందులోంచి ఔలిస్. ఉడికించిన బీట్‌రూట్ దుంపలా ఎర్రగా, పుట్టినప్పుడు ఎలా ఉన్నాడో అలా వచ్చాడు. మొదటి మంచులో దొర్లితే ఏడాదంతా నడుం నొప్పి రాదని మావాళ్ళ నమ్మకం. ఎటూ చూడకుండా నేల మీద పడి దొర్లాడు. మంచు ఇంకా పలచనే కదా, ఒంటికి మంచుకన్నా ఎండుటాకులే ఎక్కువ అంటుకున్నాయి. లేచి కళ్ళు తుడుచుకుని చూస్తే, ఎదురుగా పెళ్ళికూతురు, పక్కన బైబిలు పట్టుకున్న పాస్టరు, వెనకాల ఊరు. తల తిప్పుకున్నది పాస్టరు ఒక్కడే. ఔలిస్ ఆవిరిలో ఒళ్ళు చరుచుకునే బర్చి చెట్టు రెమ్మల కట్టని అడ్డం పెట్టుకున్నాడు.

"మంచు పడుతోందిగా" అన్నాడు.

"కనబడుతోంది" అంది ఇర్యా.

"మరి షాపు?"

"తాళం వేశా."

"క్యూ?"

"లేదు. నిన్నటికే అందరికీ బిగించేశా. మేకుల బండ్లు రెండేసుకుని తెల్లారకముందే ఊరంతా తిరిగి, అందరూ మార్పించుకుంటున్నారని నమ్మించా. నీ కోసం ఊరినే మోసం చేశానయ్యా!"

వెనకనుంచి కలప కంట్రాక్టరు, "ఏంటీ? ఆ చప్పుడు... ఆ బండ్లు... సెల్మా!" అని నా వైపు తిరిగాడు.

"నేనేమీ అనలేదు బాబాయ్" అన్నాను.

ఇర్యా ఇవేవీ వినడం లేదు. "నిలబడ్డాను, ఔలిస్. ఊరందరి ముందూ మెట్ల మీద నిలబడ్డాను. వస్తానని చెప్పినవాడివి, ఎందుకు రాలేదు?" అంది.

ఔలిస్ ఒంటికంటిన ఎండుటాకు ఒకటి పీకి పారేశాడు. ఒంటి మీది మంచు కరిగి కారుతోంది. "పొద్దున లేచి కోటు తీశాను" అన్నాడు. "కిటికీలోంచి చూస్తే మంచు. ఆ రెండుసార్లూ కోటు వేసుకునే నిలబడ్డాను ఇర్యా. ఈసారి చెయ్యి దూర్చలేకపోయాను."

పెరట్లో అంతమంది ఉన్నాం, ఒక్కరికీ జోకు తోచలేదు. ఎల్యాస్ బాబాయ్ కూడా టోపీ తీసేశాడు. ఇర్యా తన ఉన్నికోటు విప్పి, ఆ ఎండుటాకుల మనిషి భుజాల మీద కప్పి, "ఇది వేసుకో ముందు. జలుబు చేస్తుంది" అంది. ఔలిస్ వేసుకున్నాడు. బొత్తాలు కూడా పైనుంచి కిందిదాకా తనే పెట్టింది.

"ప్యాంటు వేసుకుని వస్తా" అని ఆయన సౌనా గదిలోకి పోయాడు. తలుపు వెయ్యలేదు.

అప్పుడు మా కుర్ర పాస్టరు దగ్గాడు. మంచివాడే పాపం, సమయం తెలియదు. మంచు చూశాడు, తన కారు చూశాడు, వాలు చూశాడు. "ఇర్యాగారూ, ఏమనుకోకండి. అయిదింటికి బాప్తిస్మం, దారంతా ఎత్తూపల్లం. మేకుల టైర్లు డిక్కీలోనే ఉన్నాయి. ఆయన బట్టలు కట్టుకునేలోగా... ఇది ఒక్కటి..." అని తల గోక్కున్నాడు.

తెరిచి ఉన్న తలుపు లోపల బట్టల చప్పుడు ఆగిపోయింది. ఇర్యా వ్యాను పక్కనే ఉంది, వ్యానులో జాకీ ఉంది. దాని వేళ్ళు ముడుచుకోవడం నేను చూశాను. కారు టైర్ల వైపు చూసింది, బైబిలు వైపు చూసింది, నోరు తెరిచింది, మూసింది. నేను దేవుణ్ణి పిలవడం మొదలెట్టాను. పిలవాల్సింది ఆయన మనిషికి వ్యతిరేకంగా అని తెలిసి కూడా పిలిచాను.

"కుదరదు పాస్టరుగారూ" అంది ఇర్యా. "సోమవారం రండి."

లోపల ఏదో దబ్బున కింద పడింది. ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు బయట పెట్టుకుని, ఔలిస్ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమన్నావు?" అన్నాడు. "మళ్ళీ అను."

ఇర్యా మళ్ళీ అంది, ఈసారి అవతలి గట్టుదాకా వినబడేట్టు.